అమ్మకు ఇచ్చే మార్ఫిన్ గోలీ ఒంట్లో ఎటు పోతుంది, ఎట్ల కరుగుతుంది

తమ్ముడూ, నువ్వు అడిగిన వరుసలో కాకుండా చివర్లో రాసిన సంగతిని ముందు పట్టుకుంటాను. మర్రిగూడ దగ్గర ఊళ్లో ఉంటున్న మీ అమ్మకు రొమ్ము క్యాన్సర్ వెన్నుపూసలోకి పాకింది. హైదరాబాద్ డాక్టర్లు 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ గోలీ 4 గంటలకోసారి రాశారు. మూడు వారాలు హాయిగా కూర్చుంది, అన్నం తిన్నది, మనవరాలికి జడ వేసింది. నాలుగు రోజుల నుంచి మాత్రం పగలంతా మగత, నిద్రలో చేతులు కాళ్లు ఉలికిపడి ఎగురుతున్నాయి. ఊరి ఆర్ఎంపీ వచ్చి "ఈ గోలీ కార్జాన్ని (కాలేయాన్ని) తింటది, బంద్ చెయ్యిండ్రి" అన్నాడు. మోకాళ్లకు వారం నుంచి రోజూ డైక్లోఫినాక్ సూది వేస్తున్నది కూడా ఆయనే. మధ్యలో రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. ఇవన్నీ చెప్పి, "అసలు ఈ మందు ఒంట్లోకి పోయినంక ఏమైతది మేడం, కార్జం నిజంగానే చెడిపోతదా" అని అడిగావు.

దానికి జవాబు కింద వివరంగా రాస్తాను. ఈ రోజు చెయ్యాల్సినవి మాత్రం ముందు చదువు. డైక్లోఫినాక్ సూది ఈ పూట నుంచే ఆపించు. మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేసి ఈ నాలుగు రోజుల సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పు. రేపు పొద్దున్నే ల్యాబులో కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్, యూరియా, ఇంకా సోడియం, పొటాషియం, కాల్షియం చూపించు. కాల్షియం ఎందుకంటే ఎముకల్లోకి పాకిన క్యాన్సర్లో అది నెత్తురులో పెరిగినా ఇట్లాంటి మగతే వస్తుంది. అమ్మ పడుకున్నప్పుడు గడియారం చేతిలో పట్టుకుని, ఒక నిమిషం నిండా ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టు. పిలిస్తే కళ్లు తెరిచి నీ పేరు చెప్పగలిగితే, ఊపిరి నిమిషానికి 10 పైనే ఉంటే, డాక్టరుతో మాట్లాడే వ్యవధి నీకు ఉన్నట్టే. గట్టిగా తట్టినా లేవకపోతే, లేదా ఊపిరి 8కి పడిపోతే తర్వాతి గోలీ ఇవ్వకు, 108కి ఫోన్ చెయ్యి. మార్ఫిన్ మీద ఉన్న మనిషి అని అంబులెన్స్ వాళ్లకు మొదటి మాటగా చెప్పు. దీనికి నాలోక్సోన్ అనే విరుగుడు సూది ఉంది. ఏం మందు మీద ఉందో తెలిస్తేనే వాళ్లు అది వెయ్యగలుగుతారు.

నేను మత్తు డాక్టరుగా మొదలుపెట్టి పదిహేనేళ్లకు పైగా నొప్పి తగ్గించే వైద్యంలోనే ఉన్నాను. దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట, కల్వకుర్తి వైపు ఇళ్లకు వెళ్లి మంచం పక్కన కూర్చుని ఈ గోలీ లెక్కలు వేసినదాన్ని. కార్జం మాట దాదాపు ప్రతి ఇంట్లో విన్నాను. మీ అమ్మ విషయంలో నన్ను కలవరపెడుతున్నవి కిడ్నీలు. ఎందుకో తెలియాలంటే గోలీ వెంబడే నోటి నుంచి మూత్రం దాకా నడవాలి.

మార్ఫిన్ నల్లమందులోంచి వస్తుంది. మనం మటన్ కూరలో నూరి వేసే గసగసాలు ఏ చెట్టువో, ఆ చెట్టు పచ్చికాయను గీరితే కారే పాలే ఎండి నల్లమందు అవుతుంది. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సు మీద పండిస్తారు. ఘాజీపూర్, నీమచ్ సర్కారు ఫ్యాక్టరీలు దాన్ని శుద్ధి చేస్తాయి. మార్ఫిన్ గుణం చేత క్షారం. నాలుక మీద చేదుగా తగులుతుంది, అమ్మ "యాపాకు లెక్క ఉంది" అన్నదంటే తప్పు లేదు.

ఈ క్షార గుణానికి మరో పర్యవసానం ఉంది. జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం. అందులో మార్ఫిన్ అణువులు విద్యుదావేశం ఎక్కించుకుని నీళ్లలో కలిసిపోతాయి. కణాల గోడలు కొవ్వుతో కట్టినవి కాబట్టి ఆవేశం ఉన్న అణువును లోపలికి రానివ్వవు. అందుకని జీర్ణాశయంలో గోలీ కరుగుతుంది తప్ప నెత్తురులోకి ఎక్కదు. అక్కడి నుంచి చిన్నపేగు మొదటి భాగంలోకి జారాక ఆమ్లం విరుగుతుంది, కొంత మందు ఆవేశం వదులుకుంటుంది, అప్పుడు పేగు గోడ దాటుతుంది. కడుపు ఆలస్యంగా ఖాళీ అయితే మందు ఆలస్యంగా ఎక్కుతుంది. "నిన్న అర్ధగంటల నొప్పి తగ్గింది, ఇయ్యాల గంటన్నర పట్టింది" అని నువ్వు రాసినదానికి సగం కారణం ఇది. అన్నం నిండా తిన్నాక వేసుకుంటే కాస్త ఆలస్యం అవుతుంది, అంతే, మందు వృథా పోదు. కాబట్టి తిండికి ముందా వెనకా అని ఇంట్లో గొడవ పడొద్దు, గడియారం ముఖ్యం. మార్ఫిన్ తానే కడుపును, పేగులను మందగింపజేస్తుంది కూడా. అంటే ఈ పూట గోలీ తర్వాతి పూట గోలీకి దారి నెమ్మది చేస్తుంది.

పేగు గోడ దాటిన నెత్తురు నేరుగా గుండెకు పోదు. పేగుల నెత్తురంతా పోర్టల్ సిర అనే ఒకే నాళంలో చేరి ముందు కాలేయానికి పోతుంది. తిన్నదాంట్లో విషం ఉంటే ఒళ్లంతా పాకకముందే అక్కడ పట్టుకోవాలని ఒంటి కట్టడి. మార్ఫిన్‌కూ ఆ తనిఖీ తప్పదు. పేగు గోడలో కొంత, కాలేయంలో చాలా, మొదటి చుట్టులోనే మారిపోతుంది. మింగినదాంట్లో మార్ఫిన్‌గానే మిగిలి ఒంట్లోకి చేరేది సుమారు మూడో వంతు. మనిషిని బట్టి 20 నుంచి 40 శాతం దాకా తేడా ఉంటుంది. అమ్మ మింగే 10 మిల్లీగ్రాముల్లో 3 మిల్లీగ్రాములే గుండెకు, అక్కడి నుంచి మెదడుకు పోయే నెత్తురులో పడుతున్నాయి అనుకో.

ఆ మిగతాది వృథా అనుకోవద్దు. ఆ లెక్క తెలిసే డాక్టరు 10 రాశారు. సూదిగా ఇస్తే కాలేయం తనిఖీ మొదట్లోనే ఉండదు కాబట్టి చాలా తక్కువ సరిపోతుంది. నోటితో 30 మిల్లీగ్రాములు తీసుకునే మనిషికి సూదిలో సుమారు 10 చాలు. ఈ ఒక్క లెక్క తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కడైనా అమ్మను అడ్మిట్ చేసి గోలీ బదులు సూది ఇస్తామంటే "నోటి మోతాదు ఇదీ, సూదికి తగ్గించే కదా ఇస్తున్నారు" అని గట్టిగానే అడుగు. అడిగినందుకు కోపం చేసుకునే డాక్టరు ఉంటే ఉండనీ. "సూదైతే బలం ఎక్కువ" అని మన దిక్కు బలమైన నమ్మకం. గోలీ అయినా సూది అయినా ఒకే మార్ఫిన్ మెదడు చేరుతుంది, దారి ఒక్కటే తేడా. మింగగలిగిన మనిషికి గోలీయే మేలు, ఎందుకంటే సూది అప్పటికప్పుడు ఎక్కి అప్పటికప్పుడు దిగుతుంది, గోలీ నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది.

ఇప్పుడు కార్జం సంగతి. కాలేయం మార్ఫిన్‌ను ముక్కలు చెయ్యదు. దానికి గ్లూకురానిక్ ఆమ్లం అనే చక్కెర జాతి ముక్కను అతికిస్తుంది. అది అతుక్కున్నాక అణువు నీళ్లలో బాగా కరుగుతుంది, కిడ్నీలు దాన్ని మూత్రంలో బయటికి తొయ్యగలుగుతాయి. ఈ అతికింపు కాలేయానికి కొత్త పని కాదు. పాత ఎర్ర నెత్తురు కణాలు చితికినప్పుడు వచ్చే పసుపు పదార్థం బిలిరుబిన్‌కు కూడా రోజూ ఇదే ముక్కను అతికించి పంపుతుంది. ఆ పని ఆగితే కామెర్లు వస్తాయి. కాబట్టి మార్ఫిన్ వచ్చిందని కాలేయం కాలిపోదు, కరిగిపోదు. కాలేయం ముందే బాగా ముదిరిన సిరోసిస్‌తో గట్టిపడి ఉంటే తనిఖీ సడలి, మందు ఎక్కువ పాలు నెత్తురులోకి జారుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. అప్పుడు డాక్టరు మోతాదు తగ్గిస్తారు, ఎడం పెంచుతారు.

నిజంగా కాలేయాన్ని దెబ్బతీయగల నొప్పి గోలీ మీ ఇంట్లో వేరే ఉంది, అదీ ఎవరూ భయపడని పారాసిటమాల్. సరైన మోతాదులో మంచి మందు. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటితే, చిక్కి సగమైన మనిషికి అంతకంటే తక్కువలోనే, కాలేయానికి ముప్పు. అమ్మకు మార్ఫిన్‌తో పాటు పారాసిటమాల్ 650 రోజుకు ఎన్ని పడుతున్నాయి, ఆర్ఎంపీ ఇచ్చే కాగితం పొట్లంలో మళ్లీ అదే ఉందా, ఒకసారి లెక్కపెట్టు.

కాలేయం ఆ చక్కెర జాతి ముక్కను అతికించే చోట్లు మార్ఫిన్ అణువు మీద రెండున్నాయి, వాటి నంబర్లు 3, 6. ఎక్కువ భాగానికి, సగం పైచిలుకుకు, మూడో చోట అతికిస్తుంది. అది మార్ఫిన్-3-గ్లూకురనైడ్. దానికి నొప్పి తగ్గించే గుణం లేదు, పోగుపడితే నరాలను రెచ్చగొట్టి కండరాలు ఎగరడానికి కారణమవుతుందని మా వాళ్లు అనుమానించేది దాన్నే. 10 నుంచి 15 శాతం దాకా ఆరో చోట అతికించుకుంటుంది. అది మార్ఫిన్-6-గ్లూకురనైడ్. ఇది మామూలు వ్యర్థం కాదు తమ్ముడూ, దానికీ నొప్పి తగ్గించే బలం ఉంది, మత్తు తెచ్చే బలం ఉంది, ఊపిరి తగ్గించే బలం కూడా ఉంది. మందులు కాలేయంలో పడితే చచ్చిపడతాయని వైద్య విద్యార్థులూ అనుకుంటారు. ఇక్కడ మందు కాలేయంలో రూపం మార్చుకుని పనిచేస్తూనే ఉంటుంది. దాని పని ముగిసేది కిడ్నీలో.

మెదడు దాకా పోయే దారి కూడా మెల్లదే. మార్ఫిన్‌కు కొవ్వులో కరిగే గుణం తక్కువ కాబట్టి మెదడు చుట్టూ ఉన్న నాళాల కట్టడిని నెమ్మదిగా దాటుతుంది. గోలీ వేసిన 20, 30 నిమిషాలకు మొదటి ఊరట, గంట దగ్గరికి పూర్తి బలం. మెదడులో, వెన్నుపాములో మ్యూ గ్రాహకాలు అని ఉంటాయి. నొప్పి తగ్గించడానికి మన ఒళ్లే తయారుచేసుకునే ఎండార్ఫిన్లకు పెట్టిన పీటలవి. మార్ఫిన్ వచ్చి ఆ పీటల మీద కూర్చుంటుంది. వెన్నుపాములో నొప్పి కబురును ఒక నరం ఇంకో నరానికి అందించే చోట కాల్షియం దారులు మూసుకుంటాయి, పొటాషియం దారులు తెరుచుకుంటాయి, కబురు సన్నబడుతుంది. వెన్నుపూసలోని గడ్డ అక్కడే ఉంటుంది, అమ్మకు అందే కబురు మాత్రం తగ్గుతుంది.

ఇక 4 గంటలు ఎందుకు. నెత్తురులో మార్ఫిన్ సగం కావడానికి 2 నుంచి 3 గంటలు పడుతుంది. పొద్దున 6కి వేసిన గోలీ 7కి పైకెక్కి, 10 అయ్యేసరికి నొప్పిని ఆపే గట్టుకు కిందికి దిగబోతుంటుంది. సరిగ్గా అప్పుడే రెండో గోలీ పడాలి. అట్లా ఒక రోజు తప్పకుండా వేస్తే పోయేదీ వచ్చేదీ సమానమై నెత్తురులో నిలకడ వస్తుంది. "నొప్పి లేస్తే ఇద్దాం" అని ఆగితే ప్రతిసారీ పాతాళం నుంచి పైకి లాగాలి, ఆ అర్ధగంట అమ్మ అరుస్తుంది, కంగారులో ఇంకో గోలీ వేస్తారు, రెండూ కలిసి మత్తు ఎక్కుతుంది. నేను ఇళ్లలో గోడ మీద 6, 10, 2, 6, 10 అని బొగ్గుతో రాయించేదాన్ని. చదువు రాని పెద్దమ్మలు కూడా ఆ అంకెలు గడియారంలో పోల్చుకుని ఇచ్చేవాళ్లు. రాత్రి 10కి రెట్టింపు మోతాదు డాక్టరు రాస్తే కంగారు పడకు, రాత్రి 2కి నిద్ర లేపే బాధ తప్పించడానికి అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి.

12 గంటలు పనిచేసే ఎస్ఆర్ గోలీలు కూడా ఉన్నాయి. వాటిలో ఉండేది అదే మార్ఫిన్. జిగురు లాంటి గూట్లో బిగించి, పేగు పొడుగునా కొంచెం కొంచెం వదిలేలా కడతారు. ఆ గూడు పగిలితే 12 గంటల మందు గంటలో నెత్తురులో పడుతుంది. ఇది నేను చేసిన తప్పుతో నేర్చుకున్నాను. మొదటి రోజుల్లో పాలమూరు వైపు దవడ క్యాన్సర్ ఉన్న ఒక పెద్దాయనకు 30 మిల్లీగ్రాముల ఎస్ఆర్ రాసి ఇంటికి పంపాను. నోరు తెరుచుకోక ఆయన మింగలేకపోతున్నాడని కోడలు గోలీని రోటిలో నూరి గంజిలో కలిపి ముక్కు గొట్టంలో పోసింది. సాయంత్రానికి లేపినా లేవలేదు. సమయానికి చేరి విరుగుడు వేశాం, బతికాడు. ఆ పిల్ల తప్పేం లేదు. నూరొద్దని నేను చెప్పలేదు, నోరు ఎంత తెరుచుకుంటుందో చూడకుండా రాశాను. ఆ రోజు నుంచి ఏ గోలీ రాసినా దాన్ని రోగి చేత నా ముందు ఒకసారి మింగించి చూశాకే పంపుతాను. అమ్మకు ఇప్పుడు ఇస్తున్నది మామూలు 10 గోలీ అయితే అవసరానికి నూరి నీళ్లలో కలిపి ఇవ్వొచ్చు. అట్ట మీద ఎస్ఆర్ అని ఉంటే నూరకు, కొరకనివ్వకు, రెండుగా విరవకు.

ఇప్పుడు కిడ్నీల దగ్గరికి వద్దాం. మీ అమ్మ జవాబు ఇక్కడే ఉందని నా బలమైన అనుమానం. మామూలుగా మింగిన మార్ఫిన్ దాదాపు అంతా, ఎక్కువగా ఆ అతికింపు రూపాల్లో, ఒక రోజులో మూత్రంలో వెళ్లిపోతుంది. కొద్ది పాలు పిత్తంతో పేగులోకి జారి, అక్కడి సూక్ష్మజీవులు అతికిన ముక్కను ఊడదీస్తే మళ్లీ పేగులోంచి పైకెక్కుతుంది. కిడ్నీలు తగ్గినప్పుడు మార్ఫిన్ పెద్దగా పోగుపడదు, కాలేయం తన పని చేస్తూనే ఉంటుంది కాబట్టి. పోగుపడేవి గ్లూకురనైడ్లు. ఆరో చోట అతికింది మెదడులోకి మెల్లగా ఎక్కుతుంది, దిగడం కూడా అంతే మెల్లగా. కిడ్నీ బాగా దెబ్బతిన్న మనిషిలో అది సగం కావడానికి రోజు దాటి కూడా పట్టవచ్చు. గోలీ మారలేదు, మోతాదు మారలేదు, గడియారం మారలేదు, అయినా ప్రతి 4 గంటలకూ కొంత అడుగున మిగిలిపోతూ మెట్టు మీద మెట్టు పడుతుంది. మూడు వారాలు బాగున్న మనిషి నాలుగు రోజుల్లో మగతలోకి జారడం, నిద్రలో చేతులు ఎగరడం, ఈ రెండూ కలిసి కనిపిస్తే మేము ముందుగా అడిగే ప్రశ్న "మూత్రం ఎంత వస్తుంది" అనే.

మరి మంచిగా ఉన్న కిడ్నీలు ఎందుకు తగ్గినట్టు? నువ్వు రాసినదాంట్లోనే మూడు కారణాలు కనిపిస్తున్నాయి. విరేచనాలతో నీళ్లు పోయాయి. ఎండాకాలం, రేకుల ఇల్లు, మగతలో దాహం అడగదు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ తనలోకి నెత్తురు తెచ్చే నాళాలను, ఒళ్లే తయారుచేసుకునే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల సాయంతో తెరిచి పెట్టుకుంటుంది. డైక్లోఫినాక్ పని చేసేదే ఆ ప్రోస్టాగ్లాండిన్లను ఆపి. మోకాలి వాపు తగ్గినట్టే కిడ్నీకి ఉన్న ఆ చివరి ఆసరా కూడా పోతుంది. విరేచనాల మీద రోజూ డైక్లోఫినాక్ సూది అంటే కిడ్నీని రెండు దిక్కుల నుంచి బిగించినట్టు. మూడోది మన నేల. మర్రిగూడ, చండూరు, నాంపల్లి ఊళ్లలో ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్లు ఎంతమందో నీకు నేను చెప్పక్కర్లేదు, మీ అమ్మ తరం తాగింది ఆ నీళ్లే. ఫ్లోరైడ్‌ను బయటికి పంపేదీ కిడ్నీలే. ఆ బిగుసుకున్న నడుము, మోకాళ్ల కోసం ఇరవై, ముప్ఫై ఏళ్లుగా నొప్పి గోలీలు, సూదులు వాడిన మనిషి కిడ్నీలో ముందే ఎంత నిల్వ మిగిలిందో ఎవరూ చూసి ఉండరు. మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా ఇప్పుడు వచ్చింది, మంచిదే. కానీ ఆమె ఎముకల్లో, కిడ్నీల్లో ఉన్నది పాత లెక్క. నల్లగొండ వైపు నుంచి వచ్చే ఎవరికైనా మార్ఫిన్ రాసేముందు క్రియాటినిన్ చూడకుండా నేను కలం పట్టను.

ఆడవాళ్లకు క్రియాటినిన్ మామూలుగా 1.1 లోపు ఉంటుంది. కానీ అమ్మ చిక్కిపోయి ఉంటే 1.3 వచ్చినా "కొంచెమే పెరిగింది" అని వదిలెయ్యకు. కండ తక్కువ ఉన్న ఒంట్లో క్రియాటినిన్ పుట్టేదే తక్కువ, ఆ చిన్న అంకె వెనక పెద్ద నష్టం ఉండొచ్చు. వయసు కలిపి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె, ఎంతో లెక్క వెయ్యమను. అది తగ్గి ఉంటే డాక్టరు మార్ఫిన్ మోతాదు తగ్గిస్తారు, 4 గంటల ఎడాన్ని 6 లేదా 8 చేస్తారు. 30 లోపు పడితే మందే మార్చే ఆలోచన చేస్తారు. అట్లాంటప్పుడు వాడే ఫెంటనిల్ పట్టీ చర్మం మీద అంటిస్తే నెమ్మదిగా ఎక్కుతుంది, కాలేయంలో పనిచెయ్యని రూపాలుగా మారిపోతుంది, కిడ్నీ మీద ఆధారం తక్కువ. అంటించాక బలం రావడానికి 12 నుంచి 24 గంటలు, తీసేశాక సగం దిగడానికే దాదాపు ఒక రోజు. వేడికి చర్మంలోంచి ఎక్కువ ఎక్కుతుంది కాబట్టి పట్టీ ఉన్న మనిషిని ఎండలో కూర్చోబెట్టొద్దు, దాని మీద వేడి నీళ్ల కాపడం పెట్టొద్దు. ఏది మార్చాలన్నా వాళ్లే నిర్ణయించాలి. నువ్వు గోలీని నీ అంతట ఒక్కసారి బంద్ చెయ్యకు. ఒళ్లు అలవాటు పడ్డ మందు హఠాత్తుగా ఆగితే చెమటలు, కడుపు నొప్పి, విరేచనాలు, నిద్రలేమి వస్తాయి, వెన్ను నొప్పి మొత్తంగా తిరిగొస్తుంది. పైన చెప్పిన ఊపిరి ప్రమాదం ఒక్కటే దీనికి మినహాయింపు.

నువ్వు రాయలేదు గానీ ఇంకో సంగతి అడగాలి. అమ్మకు సాయంత్రం కల్లు అలవాటు ఉందా? సిగ్గుపడకు, మన దిక్కు ఆడవాళ్లూ తాగుతారు, నొప్పి ఉన్నవాళ్లు ఇంకా తాగుతారు. చెట్టు మీది నుంచి దించిన స్వచ్ఛమైన తాటికల్లులో ఉన్న సారానికే మార్ఫిన్‌తో కలిస్తే మగత పెరుగుతుంది. అసలు భయం కల్తీ కల్లు. అందులో డైజీపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారని ఆబ్కారీ వాళ్లు పట్టుకోవడం పాలమూరు, నల్లగొండ వాళ్లకు కొత్త కాదు. మార్ఫిన్‌నూ అల్ప్రాజోలాన్నీ కాలేయం వేరువేరు ఎంజైములతో మారుస్తుంది, అక్కడ ఒకదానికొకటి అడ్డం రావు. అవి కలిసేది మెదడు అడుగున, ఊపిరిని నడిపే చోట. రెండూ ఆ చోటును అణిచేస్తాయి. ఒక్కొక్కటి తట్టుకునే మనిషి రెండింటినీ తట్టుకోలేకపోవచ్చు. సీసాలో ఎంత కలిసిందో అమ్మినవాడికే తెలియదు, డాక్టరు ఏ లెక్క వెయ్యాలి? అట్లని ఏళ్ల అలవాటును ఒక్క రోజులో మాన్పిస్తే ఫిట్స్, పిచ్చి మాటలు వస్తాయి. ఉన్న సంగతి డాక్టరుకు చెప్తే మెల్లగా తగ్గించే మందు ఇస్తారు. ఆ ఒక్క మాట దాచినందుకు నా కళ్ల ముందే ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి.

మీ మేనమామకు నడుము నొప్పికి ట్రమడాల్ రాశారనీ, ఆయనకు అసలు పనిచెయ్యట్లేదనీ, అదే గోలీ ఆయన కొడుకు వేసుకుంటే వాంతులు, మత్తు వచ్చాయనీ అడిగావు. ట్రమడాల్ నోటి నుంచి బాగానే ఎక్కుతుంది, 70 శాతం దాకా. కానీ దాని నొప్పి తగ్గించే బలంలో ఎక్కువ పాలు కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైము దాన్ని మార్చాక పుట్టే రూపానిది. ఆ ఎంజైము పుట్టుకతోనే కొందరిలో దాదాపు పనిచెయ్యదు, కొందరిలో అతిగా పనిచేస్తుంది. మొదటివాళ్లకు గోలీ మింగినా లాభం కనిపించదు, రెండోవాళ్లకు అదే గోలీ ఎక్కువవుతుంది. కోడీన్ అనే నొప్పి మందు కథా ఇదే. దాంట్లో కొద్ది భాగం అదే ఎంజైముతో మార్ఫిన్‌గా మారితేనే నొప్పి తగ్గేది. మార్ఫిన్‌కు ఈ ఎంజైముతో పని లేదు. మామ ఫ్లుయోక్సెటిన్ లాంటి దిగులు మందు వాడుతుంటే అది ఆ ఎంజైమును ఆపుతుంది, పైగా ట్రమడాల్‌తో కలిసి మెదడులో సెరోటోనిన్ అనే రసాయనం అతిగా పెరిగే ప్రమాదమూ ఉంది. ఫిట్స్ ఉన్నవాళ్లకు ట్రమడాల్ మంచిది కాదు. ఆ గోలీని ఇంట్లో ఒకరిది ఒకరు వేసుకునే అలవాటు మాన్పించు. 2018 నుంచి అది మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది, చీటీ లేకుండా అమ్మడం నేరం.

మలబద్ధకం గురించి రెండు మాటలు. మ్యూ గ్రాహకాలు పేగుల గోడలోనూ ఉన్నాయి, అక్కడ మార్ఫిన్ కూర్చుంటే పేగు కదలిక ఆగుతుంది. వికారం, మొదటి రోజుల మత్తు వారంలోపు ఒళ్లు అలవాటు పడి తగ్గుతాయి. మలబద్ధకానికి మాత్రం ఒళ్లు ఎన్నటికీ అలవాటు పడదు. మొదటి గోలీతో పాటే విరేచనం గోలీ రాయాల్సింది అందుకే. ఈ రెండు రోజుల విరేచనాలు నిజం విరేచనాలేనా, లేక గట్టిపడ్డ మలం పక్క నుంచి నీళ్లు జారడమా, అది కూడా డాక్టరును చూడమను. రెండోది మేము తరచూ చూస్తాం.

"అలవాటైపోతదా" అన్న ప్రశ్నకు. నొప్పి ఉన్న మనిషి, గడియారం ప్రకారం, నోటితో తీసుకుంటే మందు మెల్లగా ఎక్కుతుంది, వ్యసనానికి మూలమైన ఆ ఒక్కసారిగా ఎగిసే సుఖం అందులో దాదాపు ఉండదు. ఒళ్లు అలవాటు పడటం వేరు, మనసు బానిస కావడం వేరు. రేడియేషన్‌తో నొప్పి తగ్గిన నా రోగులు మెల్లమెల్లగా తగ్గించుకుని గోలీ మానేశారు. ఇన్నేళ్లలో నేను ఎక్కువగా చూసిన నష్టం భయపడి గోలీ దాచి, మనిషిని అరిపించడం. 2014లో చట్టం సవరించి గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు మార్ఫిన్ అందే దారి తేలిక చేసింది ఆ అరుపులు ఆగాలనే. మిగిలిన గోలీలు మాత్రం బియ్యం డబ్బాలోనో దేవుడి పటం వెనకో పెట్టకు, మనవరాలికి అందని చోట తాళం వెయ్యి, లెక్క రాసి పెట్టు.

ల్యాబు పరీక్షతో పాటు ఇంకో రెండు పనులు చెయ్యి. ఈ రాత్రి నుంచి రేపు రాత్రి దాకా అమ్మ మూత్రం ఒక కొలత గిన్నెలో పట్టి ఎన్ని మిల్లీలీటర్లో రాసి పెట్టు. ఓఆర్ఎస్ నీళ్లు గుక్క గుక్కగా తాగించు, పూర్తిగా మెలకువగా ఉన్నప్పుడే, తలా వీపూ ఎత్తి కూర్చోబెట్టాకే. ఆర్ఎంపీతో గొడవ పెట్టుకోవద్దు, ఊళ్లో రాత్రి పూట తలుపు తట్టేది ఆయన తలుపే. "మేడం డైక్లోఫినాక్ వద్దన్నది, కిడ్నీ పరీక్ష చెయ్యమన్నది" అని మర్యాదగా చెప్పు. ఇప్పటిదాకా ఎన్ని సూదులు పడ్డాయో ఆయన్నే అడిగి కాగితం మీద రాయించుకుని డాక్టరు చేతికి ఇవ్వు. క్రియాటినిన్, కాల్షియం అంకెలు, మూత్రం కొలత, నిమిషానికి ఊపిరి లెక్క, ఈ నాలుగూ రాగానే నాకూ రాయి, ఎంత రాత్రయినా చూస్తాను.